పేపరు వాళ్ళ ఊరు: లాస్ ఏంజెలెస్ చాండ్లర్ కుటుంబం, మన తిరుపతి

స్వర్ణముఖి (తిరుచానూరు రోడ్డు), శనివారం సాయంత్రం 6.10

సభ్యులందరికీ నమస్కారం. నేను చరిత్ర పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసిన లెక్చరర్‌ను. కిందటి వేసవిలో లాస్ ఏంజెలెస్‌లో ఉంటున్న మా అమ్మాయి దగ్గరికి వెళ్ళి మూడు నెలలు ఉండి వచ్చాను. ఒక సాయంత్రం ఆమె నన్ను ఊరి నడిబొడ్డున ఉన్న పెద్ద సంగీత మందిరానికి తీసుకువెళ్ళింది. దాని మీద డొరోథీ చాండ్లర్ అన్న పేరు చూసి ఈమె గాయని కాబోలు అనుకున్నాను. "కాదమ్మా, పేపరు వాళ్ళ కోడలు" అని చెప్పింది మా అమ్మాయి. ఆ మాట విన్న తరువాత నాకు ఆ ఊళ్ళో ఎటు చూసినా ఆ ఇంటివాళ్ళే కనిపించసాగారు. కొండ మీద పెద్ద తెల్లని అక్షరాలతో ఉన్న హాలీవుడ్ బోర్డు కూడా 1923లో ఇళ్ళ స్థలాలు అమ్మడానికి పెట్టిన ప్రకటన అనీ, ఆ వెంచరులో పేపరు యజమాని హారీ చాండ్లర్‌కు వాటా ఉండేదనీ అప్పుడే తెలిసింది.

ఆ పేపరు పేరు లాస్ ఏంజెలెస్ టైమ్స్, 1881 డిసెంబరు 4న మొదలయింది. అంతకు ముందు ఏడాది లెక్కల ప్రకారం ఆ ఊరి జనాభా 11 వేల పైచిలుకు మాత్రమే. 1882లో సంపాదకుడిగా చేరిన హారిసన్ గ్రే ఓటిస్ నాలుగేళ్ళలో పత్రికను తన చేతిలోకి తెచ్చుకున్నాడు. ఆయన తరువాత అల్లుడు హారీ చాండ్లర్, మనుమడు నార్మన్, మునిమనుమడు ఓటిస్ చాండ్లర్ వరుసగా 1980 వరకు దాన్ని నడిపారు. 1930 నాటికి ఊరి జనాభా 12 లక్షలు దాటింది. పత్రిక ఊరిని పెంచిందా, ఊరు పత్రికను పెంచిందా అని నేను చాలా రోజులు ఆలోచించాను. ఆ రెండింటినీ విడదీయడం నా వల్ల కాలేదు.

వాళ్ళు మంచి చేయలేదని అనలేను. 1890లలో ఓడరేవు ఎక్కడ కట్టాలన్న తగాదా వచ్చినప్పుడు, రైల్వే కంపెనీ అధిపతి కాలిస్ హంటింగ్టన్ తన పట్టాలున్న శాంటా మోనికా వైపు లాగాడు. టైమ్స్ ఏళ్ళ తరబడి శాన్ పెడ్రో పక్షాన నిలబడి రాసింది, 1897లో శాన్ పెడ్రోనే ఖాయమయింది. ఈ రోజుకూ ఆ నగరానికి రేవు అదే.

తిరుపతి 1886లో మునిసిపాలిటీ అయింది, 2007లో కార్పొరేషన్ అయింది, 2022 ఏప్రిల్ నుంచి జిల్లా కేంద్రం కూడా. ఇంత వేగంగా పెరుగుతున్న మన ఊరికి, ఇక్కడే పుట్టి ఇక్కడే నివసించే పత్రికా కుటుంబం ఒకటి ఉండి ఉంటే మనకు మేలు జరిగేదా, కీడు జరిగేదా? ఈ విషయం మీద పెద్దల అభిప్రాయాలు తెలుసుకోవాలని ఉంది.

పాత విలేకరి (పాకాల), శనివారం రాత్రి 9.35

మేడమ్ గారూ, మంచి చర్చకు తెరతీశారు. నేను ఇరవై రెండేళ్ళు మండల విలేకరిగా పనిచేశాను, కాబట్టి ఈ కథలో నన్ను పట్టి ఆపేది హారీ చాండ్లర్ పైకి వచ్చిన తీరు. ఆయన జబ్బు చేసిన ఊపిరితిత్తులతో తూర్పు రాష్ట్రాల నుంచి గాలి మార్పు కోసం వచ్చిన కుర్రవాడు. పత్రికల పంపిణీ లైన్లు ఒక్కొక్కటిగా కొనుక్కుంటూ వెళ్ళాడు. ఏ వీధిలో ఎవరి ఇంటికి ఏ పేపరు పడాలన్నది ఆయన చేతిలోకి వచ్చాక, ఓటిస్ ఆయనను పిలిచి సర్క్యులేషన్ అప్పగించాడు, 1894లో కూతురినిచ్చి పెళ్ళి చేశాడు.

పేపరు పనిలో ఉన్నవాళ్ళకు ఇది వెంటనే అర్థమవుతుంది. తెల్లవారుజామున నాలుగు గంటలకు తిరుపతి బస్టాండులో బండిళ్ళు దిగేటప్పుడు మీరెప్పుడైనా నిలబడి చూస్తే, సంపాదకీయం రాసినాయన కంటే ఆ తాడు కోసి కట్టలు లెక్కపెట్టే ఏజెంటు మాటకే అక్కడ విలువ ఎక్కువ. మా రోజుల్లో వార్త కూడా బస్సులోనే వెళ్ళేది. మధ్యాహ్నం మూడున్నర బస్సు కండక్టరుకు న్యూస్ కవరు ఇచ్చి, అది ఇంజను పక్కన పెట్టేదాకా కిటికీలోంచి చూసి, అప్పుడు అన్నానికి వెళ్ళేవాడిని. బస్సు చెడిపోతే ఆ రోజు మా మండలంలో ఏమీ జరగనట్టే.

తలకోన, ఆదివారం ఉదయం 7.50

హాలీవుడ్ బోర్డు సంగతి తెలిసి ఆశ్చర్యపోయాను. అయితే ఒక సందేహం. పత్రిక యజమాని స్థలాలు కొన్నంత మాత్రాన తప్పేమిటి? వ్యాపారి ఎవరైనా కొంటారు కదా.

స్వర్ణముఖి, ఆదివారం ఉదయం 10.15

తలకోన గారూ, తప్పు కొనడంలో లేదు. ఎప్పుడు కొన్నారు, ఏమి తెలిసి కొన్నారు, పాఠకులకు ఏమి చెప్పలేదు అన్నదాంట్లో ఉంది. లాస్ ఏంజెలెస్‌కు సొంత నీరు చాలదు. ఉత్తరాన దూరంగా ఉన్న ఓవెన్స్ లోయ నుంచి నది నీటిని కాలువ తవ్వి తేవాలని నగరపు ఇంజనీరు విలియం మల్‌హాలండ్ తలపెట్టాడు. ఆ లోయలో భూములు, నీటి హక్కులు గుట్టుగా కొన్నారు. 1905 జూలై 29న టైమ్స్ ఆ సంగతిని అందరికంటే ముందు పెద్ద అక్షరాలతో ప్రకటించి, కాలువ ఖర్చుకు నగరం అప్పు తెచ్చుకునే బాండ్లకు ఓటు వేయమని ఊరిని ఒప్పించింది.

పాఠకులకు చెప్పనిది ఇంకొకటి ఉంది. కాలువ వచ్చి చేరే దారిలో శాన్ ఫెర్నాండో లోయ ఉంది. ఎండిన గోధుమ పొలాల నేల అది. అక్కడ దాదాపు 16 వేల ఎకరాలను ఎకరా 35 డాలర్ల చొప్పున కొనడానికి ఒప్పందం చేసుకున్న సిండికేటులో, అంటే వ్యాపారుల ఉమ్మడి బృందంలో, ఓటిస్ ఒక వాటాదారు. నగర నీటి బోర్డు సభ్యుడు మోజెస్ షెర్మన్ కూడా అందులోనే ఉన్నాడు. ఎదుటి పత్రిక యజమాని ఎడ్విన్ ఎర్ల్ సైతం ఉన్నాడంటే, ఇక వార్త ఎవరు రాయాలి? మరొక పత్రికల యజమాని హర్స్ట్‌కు చెందిన ఎగ్జామినర్ ఆ ఆగస్టులో బయటపెట్టింది కాబట్టి లోకానికి తెలిసింది. తరువాత 1909లో ఓటిస్, చాండ్లర్, మరి కొందరు కలిసి అదే లోయలో 47,500 ఎకరాలను 25 లక్షల డాలర్లకు కొన్నారు. 1913 నవంబరు 5న నీళ్ళు వచ్చాయి. 1915లో ఆ లోయను నగరంలో కలిపేశారు. ఎండిన నేల నగరపు నీళ్ళు పారే ఇళ్ళ స్థలాలయింది.

ఈ తేదీలను ఒక కాగితం మీద వరుసగా రాసుకుని చూసినప్పుడు నా చేయి కాసేపు ఆగిపోయింది. అబద్ధం రాశారని ఎవరూ అనలేరు, ఊరికి నీరు కావాలన్నది నిజమే. ఆ నీరు ముందుగా ఎవరి నేల మీద పారుతుందో మాత్రం వాళ్ళు చెప్పలేదు.

కల్యాణి డ్యామ్ (ఎం.ఆర్.పల్లి), ఆదివారం మధ్యాహ్నం 2.40

నేను నీటి సరఫరా విభాగంలో పనిచేసిన ఇంజనీరును. ముందుగా ఆ కాలువ గురించి ఒక మాట చెప్పకపోతే నా వృత్తికి అన్యాయం చేసినవాడినవుతాను. 233 మైళ్ళు, అంటే సుమారు 375 కిలోమీటర్ల పొడవునా ఒక్క పంపు కూడా లేకుండా, కేవలం వాలు మీద నీటిని నడిపించిన పని అది. ఈ రోజు లెవెల్ యంత్రాలు చేతిలో ఉన్న మాకు కూడా ఆ పని చూస్తే తల వంచాలనిపిస్తుంది.

ఆ నీరు పోగొట్టుకున్నవాళ్ళ గతి కూడా చెప్పాలి. ఓవెన్స్ సరస్సు 1920లలోనే ఎండిపోయి, అడుగున ఉన్న ఉప్పు దుమ్ము గాలికి లేచింది. కడుపు మండిన అక్కడి రైతులు 1924లోనూ 1927లోనూ కాలువను డైనమైట్‌తో పేల్చారు. 1928 మార్చి 12న మల్‌హాలండ్ కట్టిన సెయింట్ ఫ్రాన్సిస్ ఆనకట్ట తెగి నాలుగు వందల మందికి పైగా కొట్టుకుపోయారు.

మన తెలుగుగంగతో పోల్చండి. మద్రాసు దాహం తీర్చడానికి మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తలా 5 టీఎంసీల కృష్ణా నీరు వదులుకోవడానికి బహిరంగంగా ఒప్పుకున్నాయి. కాలువ పోయే దారిలో రాయలసీమకు, నెల్లూరుకు సాగునీరు చేర్చారు. కండలేరు నుంచి మన తిరుపతికి తాగునీరు వస్తోంది కూడా ఆ పథకం పుణ్యమే. అది రావడానికి పట్టిన ఏళ్ళు, అందులోని లోపాలు నాకు బాగా తెలుసు. అయినా ఇచ్చేవాడెవరో, పుచ్చుకునేవాడెవరో కాగితం మీద ఉంది. కల్యాణి డ్యామ్ అడుగంటిన వేసవుల్లో ట్యాంకర్ల దగ్గర బిందెలతో నిలబడిన మా ఆడవాళ్ళను చూసినవాడిని కనుక, నీళ్ళు తెచ్చినవాణ్ణి నేను తేలికగా తిట్టలేను. దాపరికాన్ని మాత్రం క్షమించలేను.

వంక ఒడ్డు, ఆదివారం సాయంత్రం 5.05

పెద్దలు లాస్ ఏంజెలెస్ గురించి మాట్లాడుతుంటే నాకు నా ఇల్లు గుర్తుకు వస్తోంది. పదేళ్ళ కిందట ఒక పత్రిక జిల్లా పేజీలలో రంగుల ప్రకటన చూసి, ఊరి అంచున ఒక లేఅవుట్‌లో 50 అంకణాల స్థలం కొన్నాను. ప్రకటనలో కొండ కనిపిస్తోంది, కొబ్బరి చెట్లు కనిపిస్తున్నాయి, గుడికి ఎంత దూరమో రాసి ఉంది. పైనున్న చెరువు మొరవ (అలుగు) నీళ్ళు పోయే వంక మా ప్లాట్ల మధ్యలోంచే పోవాలన్న సంగతి ఎక్కడా లేదు. వంకను పూడ్చి దాని మీద రోడ్డు వేశారు.

2021 నవంబరు వానల్లో ఆ వంక తన దారి వెతుక్కుంటూ మా ఇంట్లోకి వచ్చింది. మా అమ్మను భుజం మీద మోసుకుని మిద్దె ఎక్కించాను. నీళ్ళు తీసిన తరువాత హాలు గోడ మీద నా నడుము ఎత్తున బురద గీత మిగిలింది. రెండుసార్లు సున్నం కొట్టించినా వానాకాలంలో ఆ గీత మళ్ళీ తేలుతుంది. మరునాటి పేపరులో మా వీధి ఫొటో వచ్చింది, మా కష్టం గురించి బాగానే రాశారు. ఆ లేఅవుట్ పేరు మాత్రం ఎక్కడా రాయలేదు. నెల తిరగకుండానే అదే మనిషి వేసిన ఇంకొక లేఅవుట్ ప్రకటన అదే పేజీలో వచ్చింది.

పాత విలేకరి, ఆదివారం రాత్రి 10.20

తమ్ముడూ, మీరు రాసింది చదివి చాలాసేపు ఊరికే కూర్చున్నాను. ఆ పేరు ఎందుకు రాలేదో నేను చెప్పగలను, ఎందుకంటే అటువంటి పేర్లు రాయకుండా వదిలేసినవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

మాకు జీతం ఉండేది కాదు. అచ్చయిన వార్తను కొలిచి డబ్బులు ఇచ్చే లైన్ అకౌంటు ఉండేది, దానితో బస్సు చార్జీలు, టీ ఖర్చులు గడిచేవి. ఇల్లు గడిచింది ప్రకటనల కమిషన్ మీద. పత్రిక వార్షికోత్సవానికి, సంక్రాంతికి, నాయకుల పుట్టినరోజులకు ఇంత మొత్తం తేవాలని మండలానికి లక్ష్యం పెట్టేవారు. మండలంలో ప్రకటన ఇవ్వగలిగిన చేతులు ఎన్ని ఉంటాయి? క్వారీ ఆయన, ప్రైవేటు కాలేజీ ఆయన, లేఅవుట్లు వేసే ఆయన, ఒకరిద్దరు నాయకులు. డిసెంబరులో వాళ్ళ వాకిట్లో నిలబడి ప్రకటన అడిగినవాడు, జనవరిలో వాళ్ళ మీద వార్త ఎట్లా రాస్తాడు? మమ్మల్ని రాయవద్దని ఎవరూ బెదిరించలేదు. కవరులో పెట్టకముందే మా కలమే ఆ వాక్యం దాటుకుని పోయేది.

మేడమ్ గారి ప్రశ్నకు నా జవాబు ఇది. లాస్ ఏంజెలెస్‌లో పత్రిక, భూమి ఒకే ఇంట్లో ఉన్నాయి. తిరుపతిలో పత్రికల యజమానులు ఎక్కడో దూరాన ఉన్నారు, వాళ్ళకు మా మండలంలోని వంక ఎటు పారుతుందో తెలియదు. ఇక్కడ ఆ చాండ్లర్ కుర్చీ ఖాళీగా లేదు. మండలానికొకరు చొప్పున ప్రకటన ఇచ్చేవాళ్ళు అందులో కూర్చున్నారు. ఒక కుటుంబమైతే పేరు పెట్టి అడగవచ్చు, వీళ్ళను ఏమని అడుగుతారు?

డెస్క్ నుంచి (తిరుపతి), సోమవారం ఉదయం 11.30

అన్నా, మీరు చెప్పిన దాంట్లో నిజం ఉంది, కానీ జిల్లా పేజీలను మొత్తంగా ఒక గాటన కట్టివేయడం న్యాయం కాదు. నేను ఉప సంపాదకుడిగా ఆ పేజీలు పెడుతున్నవాణ్ణి. ఈనాడు 1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో మొదలయి 1982లో తిరుపతికి వచ్చింది. అంతకు ముందు మద్రాసులోనో విజయవాడలోనో అచ్చయి వచ్చే పేపరులో మన పుంగనూరుకు, మన సత్యవేడుకు చోటెక్కడిది? ఊళ్ళోనే అచ్చు, జిల్లాకు ప్రత్యేక పేజీలు అన్న పద్ధతి వచ్చాక, బోరు చెడిపోయిన పల్లె కూడా పేపరులోకి ఎక్కింది. తెల్లారేసరికి బోరు బాగు చేసిన రోజులు నేను చూశాను. పక్కనే ఉన్న నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు 1992లో సారా మీద తిరగబడినప్పుడు, ఈనాడు రోజూ ఆ వార్తలకు చోటు ఇచ్చింది. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. ఉద్యమం ఆ తల్లులదే, కానీ ఒక ఊరి కబురు ఇంకొక ఊరికి పేపరు మోయకపోతే అది అంత తొందరగా పాకేది కాదు.

కుటుంబాల మాట వస్తే, ఆంధ్రపత్రికను కూడా గుర్తు చేసుకోవాలి. అమృతాంజనం అమ్మి సంపాదించిన డబ్బుతో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు ఆ పత్రికను నడిపారు. 1914 నుంచి అది మద్రాసులో దినపత్రికగా వచ్చింది. ఆయన తరువాత అల్లుడు శివలెంక శంభుప్రసాద్ గారు బాధ్యత తీసుకున్నారు. మామ నుంచి అల్లుడికి వెళ్ళడం అక్కడా ఇక్కడా ఒకటే, కానీ ఆ ఇంటిని ఊరు వాడుకున్న తీరు వేరు. 1937 నవంబరు 16న కోస్తా, రాయలసీమ నాయకులు కూర్చుని ఒడంబడిక చేసుకున్నది పంతులు గారి ఇంట్లోనే, ఆ ఇంటి పేరే శ్రీబాగ్. నీటిలో మాకు మొదటి వాటా కావాలని సీమవాళ్ళు గట్టిగా అడిగింది ఒక పత్రిక యజమాని వసారాలో కూర్చుని.

స్వర్ణముఖి, సోమవారం సాయంత్రం 7.00

శ్రీబాగ్ సంగతి ఈ సందర్భంలో నాకు తట్టలేదు, ధన్యవాదాలు నాయనా. పాత విలేకరి గారి మాటకు ఒక చేర్పు. ఊళ్ళోనే ఉండే కుటుంబం చెడగొట్టినట్టే, ఒక్కొక్కసారి తనను తాను దిద్దుకుంటుంది కూడా.

మొదటి ఓటిస్ కార్మిక సంఘాలంటే పగబట్టినవాడు. ఆ వైరంలోనే 1910 అక్టోబరు 1న పత్రిక భవనాన్ని బాంబుతో పేల్చారు, లోపల పనిచేస్తున్న 21 మంది చనిపోయారు. యాభై ఏళ్ళ తరువాత, 1960లో ముప్పై రెండేళ్ళ మునిమనుమడు అదే కుర్చీలో కూర్చుని, ఇంటి పత్రిక ఇకపై ఇంటి మాట రాయదని పని చేసి చూపించాడు. ఆ మరుసటి ఏడాది జాన్ బర్చ్ సొసైటీ అనే తీవ్ర మితవాద సంస్థ మీద వరుసగా కథనాలు వేయించాడు. సొంత బాబాయి ఆ సంస్థ మనిషి. బంధువులు ఆ కోపాన్ని మరచిపోలేదు.

అట్లా దిద్దుకున్న పత్రికకు కూడా ఊళ్ళో సగం కనబడలేదన్నది నన్ను ఎక్కువగా బాధించిన విషయం. 1965 ఆగస్టులో వాట్స్ పేటలో నల్లజాతివారి తిరుగుబాటు రేగి 34 మంది చనిపోయినప్పుడు, ఆ పేటలోకి పంపడానికి టైమ్స్‌లో నల్లజాతి విలేకరి ఒక్కడూ లేడు. ప్రకటనల విభాగంలో చిన్న ఉద్యోగం చేస్తున్న కుర్రవాణ్ణి పంపించి, అతడు టెలిఫోన్లో చెప్పింది రాసుకున్నారు. ఆ వార్తలకు అమెరికా పత్రికలకిచ్చే పెద్ద పురస్కారం, పులిట్జర్ బహుమతి వచ్చింది. మన డెస్కుల్లో కూర్చున్నవాళ్ళలో ఏ పేటలవాళ్ళు లేరో, ఆ పేటల వార్తలు మనకు ఎంతవరకు అందుతున్నాయో కూడా చూసుకోవాలి.

1999లో ఒక క్రీడా మైదానం మీద ప్రత్యేక సంచిక వేసి, దాని ప్రకటనల రాబడిని అదే మైదానంతో పంచుకున్నారని బయటపడింది. అప్పటికి పత్రిక పెత్తనం బయటి మేనేజర్లది. పదవి వదిలి ఏళ్ళయిన ఓటిస్ చాండ్లర్ ఆ పనిని ఖండిస్తూ ఉత్తరం రాస్తే, న్యూస్‌రూమ్‌లో దాన్ని అందరికీ చదివి వినిపించారు. మరుసటి ఏడాదే కుటుంబం పత్రికను చికాగో కంపెనీకి అమ్మివేసింది.

తలకోన, సోమవారం రాత్రి 8.45

మన ఊరిలో అన్నిటికంటే పెద్ద సంస్థ దేవస్థానం కదా. 1933లో అది ఏర్పడినప్పటి నుంచి ఊరి పెరుగుదల అంతా దాని చుట్టూనే ఉంది. ఆసుపత్రులు, కాలేజీలు, రోడ్లు అన్నిటిలోనూ దాని చేయి ఉంది. దానికి సప్తగిరి అనే సొంత పత్రిక ఉంది, 2008 నుంచి సొంత టీవీ చానల్ కూడా ఉంది. ఆ లెక్కన చాండ్లర్లతో పోల్చవలసింది దేవస్థానాన్నేమో?

కల్యాణి డ్యామ్, సోమవారం రాత్రి 9.30

ఆ పోలిక నిలవదండీ. సప్తగిరి భక్తుల పత్రిక. మన వార్డులో కాలువ పొంగిందా లేదా అన్నది దాని పని కాదు, అది ఆ పని చేస్తున్నానని చెప్పుకోనూ లేదు. చాండ్లర్ల పత్రిక రోజూ పొద్దున ఊరికి నిజం చెబుతానని గడప ముందు పడేది. నమ్మించి దాచడానికీ, అసలు ఆ విషయంలోకి రాకపోవడానికీ తేడా ఉంది.

విలేకరి గారిని ఒకటి అడుగుతాను. మనం అనుకున్నవన్నీ అనుభవం మీద చెప్పిన మాటలు. 2021 వరదకు ముందు ఏడాది, తరువాత ఏడాది తిరుపతి జిల్లా పేజీలు తిరగేసి, లేఅవుట్ ప్రకటనలు ఒక నోటు పుస్తకంలో, చెరువులు వంకల వార్తలు ఇంకొక పుస్తకంలో రాసుకుంటే ఎట్లా ఉంటుంది? గ్రామ పటాలు, చెరువుల మొరవ దారులు నేను గుర్తుపట్టగలను. ఏ ప్రకటన ఏ వంక మీద పడిందో చూద్దాం.

పాత విలేకరి, సోమవారం రాత్రి 10.05

తప్పకుండా చేద్దాం సార్. నా దగ్గర 2020 చివరి నుంచి పేపర్లు కట్టలు కట్టి అటక మీద ఉన్నాయి, చెదలు పట్టనివి ఎన్ని మిగిలాయో చూడాలి. వచ్చే ఆదివారం ఆటోలో వేసుకుని మేడమ్ గారి ఇంటికి తీసుకువస్తాను. నేను వదిలేసిన పేర్లు కూడా నాకు గుర్తున్నంత వరకు చెబుతాను.

స్వర్ణముఖి, మంగళవారం ఉదయం 6.40

తప్పకుండా రండి. మిద్దె మీద గది ఖాళీగా ఉంది, పేపర్లు పరచుకోవడానికి చోటు చాలుతుంది. భోజనం ఇక్కడే.

వంక ఒడ్డు, మంగళవారం ఉదయం 8.15

నేనూ వస్తానమ్మా. నేను చూసి కొన్న ఆ ప్రకటన కత్తిరింపు రిజిస్ట్రేషన్ కాగితాల మధ్య ఇప్పటికీ ఉంది, తీసుకువస్తాను. శనివారం రాత్రి వాన పడితే మాత్రం మా వీధి దాటి రావడం కుదరదు, ముందుగా ఇక్కడ రాస్తాను.